కాల్వోడూ పాలోడూ

యాసంగి నాట్లు పడ్డాక, తెలంగాణలో మంజీర ఒడ్డునున్న బీర్కూర్ పక్క ఏ పిల్లకాల్వ గట్టు మీదైనా రాత్రి పదకొండు దాటి నడిస్తే చీకట్లో అక్కడొకటి ఇక్కడొకటి వెలుగు కనిపిస్తుంది. ఒకటి టార్చిలైటు, ఒకటి బీడీ కొస. నీళ్ల కావలి అది. కాల్వకు నీళ్లొచ్చేది లెక్కపెట్టిన రోజులే. వంతు దాటిపోతే మళ్లీ తడి ఎన్నడో. పై మడి రైతు గడ్డిచెక్కలు అడ్డం వేసి కాల్వను తన పొలంలోకి తిప్పుకున్నాడు. కింది మడి రైతు పార భుజాన పెట్టుకొని వచ్చి నిలబడ్డాడు.

“అన్నా, నీ మడి నిండింది గదనే. జెర ఇటు ఇడువు.”

“జెరసేపాగు తమ్మీ. ఆ మూలకు ఇంకా ఎక్కలే.”

ఆ మూలకు నీళ్లెక్కే దాకా ఇద్దరూ అదే ఒరం మీద, అంటే పొలం గట్టు మీద, కూర్చుంటారు. అగ్గిపెట్టె ఒకరిది, బీడీకట్ట ఇంకొకరిది. మాటా మాటా పెరిగితే పారలు లేస్తాయి. పెరగకుంటే ముచ్చట పిల్లల చదువుల దాకా పోతుంది. వీళ్లిద్దరి మధ్య ఉన్న సంబంధానికి ఒక్క మాట చెప్పమంటే తెలుగు కాసేపు తడుముకుంటుంది. ఇంగ్లిష్‌లో మాత్రం సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే పుట్టిన మాట ఒకటుంది: రైవల్. క్రికెట్ వార్తల్లో, ఎన్నికల వార్తల్లో రోజూ కనిపించే ఈ మాట ఒకప్పుడు కాల్వ గట్టు మీద నీళ్లకు కావలి కాసిందంటే నమ్మబుద్ధి కాదు.

రైవల్‌కు మన పత్రికలు కట్టిపెట్టిన జోడీ ‘ప్రత్యర్థి’. నిఘంటువు చూసుకునేవాళ్లకు అది చాలు. పుట్టుకను పుట్టుకతో తూచాలంటే మాత్రం రైవల్ పక్కన నిలబెట్టాల్సింది తెలంగాణ పల్లె మాట ‘పాలోడు’. పాలు అంటే వాటా. పాలివాడే నోట నలిగి పాలోడయ్యాడు. ఆస్తిలో వాటా ఉన్న దాయాది. ఒకటి నీటి వాటా నుంచి పుట్టిన మాట, ఇంకొకటి నేల వాటా నుంచి పుట్టిన మాట. రెండూ చివరికి పగ దగ్గరికే చేరాయి. అయితే దారిలో ఏది ఏం పారేసుకుంది, ఏది ఏం దాచుకుంది అన్నదే ఈ పోలిక.

రోమన్ల పిల్లకాల్వ

లాటిన్‌లో రీవుస్ అంటే వాగు. పొలానికి నీళ్లు తెచ్చుకునే తవ్వుడు కాల్వ కూడా రీవుసే. దాని నుంచి వచ్చింది రీవాలిస్, అంటే కాల్వోడు. ఇద్దరో ముగ్గురో ఉంటే రీవాలేస్, కాల్వోళ్లు. మూడో శతాబ్దపు రోమన్ న్యాయకోవిదుడు ఉల్పియన్ ఈ మాట వాడుతూ, దాని అర్థం కూడా అక్కడే చెప్పి పెట్టాడు: ఒకే కాల్వ గుండా నీళ్లు తెచ్చుకునేవాళ్లని. అలాంటివాళ్ల మధ్య నీటి వాడకం గురించి తగువొస్తే న్యాయాధికారి ఎలాంటి ఆజ్ఞ ఇవ్వాలన్నది ఆయన చర్చ. చక్రవర్తి జస్టీనియన్ 533లో వెలువరించిన డైజెస్ట్ అనే న్యాయసంకలనం 43వ పుస్తకంలో ఈ చర్చ ఇప్పటికీ చదువుకోవచ్చు. ఆ ప్రకరణం రెండు రకాల నీళ్ల గురించి మాట్లాడుతుంది: ఏడాది పొడుగునా పారే రోజువారీ నీరు, ఎండాకాలం మాత్రమే వాడుకునే నీరు. వానాకాలానికి ఒక లెక్క, యాసంగికి ఒక లెక్క, తైబందీ, అంటే నీళ్ల కేటాయింపు, ఖరారైతేగానీ నారు పోయవద్దనే మాట విని పెరిగినవాళ్లకు ఈ విభజన కొత్తేమీ కాదు. దాని వెనకే ఉన్న ప్రకరణం కాల్వ మరమ్మతు గురించి. కాల్వను బాగుచేసుకునేవాణ్ని, పూడిక తీసుకునేవాణ్ని బలవంతంగా ఆపకూడదంటుంది.

చట్టం పుస్తకంలో ఉన్నది నేల మీద ఎలా నడిచిందో చూపే రాయి కూడా ఒకటి దొరికింది. ఇప్పటి అల్జీరియాలో లమాస్బా అనే రోమన్ ఊరు ఉండేది. 218 నుంచి 222 దాకా ఏలిన చక్రవర్తి ఎలగాబలుస్ కాలంలో అక్కడొక శాసనం చెక్కించారు. అందులో రైతు పేరు, ఏ గంట నుంచి ఏ గంట దాకా అతని పొలానికి నీళ్లు అన్న వివరం, ఆ తరువాత ఇంకో రైతు పేరు. నిజాంసాగర్ ఆయకట్టులో నీళ్ల వంతులు రాసిన వారబందీ పట్టిక చూసినవాడు భాష తెలియకపోయినా ఆ రాయిని గుర్తుపడతాడు. రాతి మీద గంటలు చెక్కించారంటేనే అర్థమవుతోంది, నోటిమాట మీద ఆ కాల్వ నడవలేదని.

ఇక్కడ విమర్శకుడు తొందరపడకూడని చోటు ఒకటుంది. చేతికందిన రాతల్లో రీవాలిస్‌కు నీటి అర్థం మొదట కనబడదు. ఉల్పియన్‌కు నాలుగు వందల ఏళ్ల ముందే ప్లాటస్, టెరెన్స్ తమ హాస్యనాటకాల్లో ఈ మాట వాడారు. అక్కడ రీవాలిస్ అంటే ఒకే స్త్రీ మీద మనసు పడ్డ ఇద్దరిలో ఒకడు. అంటే తేదీలు చూస్తే ప్రేమ ముందు, కాల్వ తరువాత. అయినా భాషావేత్తలు కాల్వనే మూలమంటున్నారంటే కారణం ఉంది. పదం ఒంట్లోనే రీవుస్ ఉంది. ప్రేమ నుంచి కాల్వకు వెళ్లే దారి లేదు, కాల్వ నుంచి ప్రేమకు ఉంది. నాటకం చూడ్డానికి వచ్చిన జనంలో నీళ్ల తగాదాలు ఎరిగినవాళ్లు ఉంటారు కాబట్టే ఆ పోలిక పండి ఉంటుంది. మొదట అదొక చమత్కారం. వాడగా వాడగా చమత్కారం అరిగిపోయి అర్థం మిగిలింది.

ఇంగ్లిష్‌లోకి ఈ మాట పదహారో శతాబ్దం చివర్లో వచ్చింది. వచ్చిన కొత్తలో దాని మనసు ఇంకా పూర్తిగా విరగలేదు. 1600 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన హామ్లెట్ మొదటి దృశ్యం ఒక చలిరాత్రి, కోటగోడ మీద కావలి. అక్కడ ఒక కావలివాడు తనతో కలిసి కాపలా కాయాల్సినవాళ్లను రైవల్స్ అంటాడు. పగవాళ్లని అతని ఉద్దేశం కాదు, జతగాళ్లని. ఒకే పనిలో, ఒకే రాత్రిలో వాటా ఉన్నవాళ్లని. ఆ అర్థం ఇంగ్లిష్‌లో నిలవలేదు. వాటా జారిపోయి వైరం మిగిలింది. 1775లో షెరిడాన్ ‘ది రైవల్స్’ నాటకం ఆడించేనాటికి ఆ మాటలో కాల్వ తడి ఆనవాలు లేదు.

గట్టు మాట వేరు, కాల్వ మాట వేరు

రైవల్ కథ చెప్పేవాళ్లు తరచూ ఒక తప్పులో కాలేస్తారు. రివర్‌కు అటొకడు ఇటొకడు నిలబడి కొట్టుకుంటే రైవల్స్ అయ్యారంటారు. వినడానికి బాగుంటుంది, రెండు విధాలా తప్పు. మొదటిది, రివర్‌కు రీవుస్‌తో చుట్టరికం లేదు. రివర్ పుట్టింది రీపా నుంచి, అంటే గట్టు. గట్టున్నది కాబట్టి నది. ఒడ్డుకు చేరడం అనే అర్థంలో మొదలైన అరైవ్ కూడా గట్టు మాటే. నదీజలాల తగాదాల్లో వకీళ్లు వాడే రైపేరియన్ హక్కు కూడా గట్టు హక్కే. హక్కుల భాష గట్టు మీద పుట్టింది, తగువుల భాష కాల్వలో పుట్టింది. ఇంగ్లిష్ ఈ రెంటినీ పక్కపక్కనే ఉంచుకొని కూడా వాటి తేడా మరిచిపోయింది.

రెండో తప్పును పట్టుకోవడానికి లాటిన్ రానవసరం లేదు, యాసంగిలో ఒక తడి పెట్టి ఉంటే చాలు. పిల్లకాల్వకు ఎదురు గట్టు మీద ఉన్నవాడితో నీకు తగువేముంటుంది? కాల్వ నిండితే ఇద్దరికీ నిండుతుంది, ఎండితే ఇద్దరికీ ఎండుతుంది. నీ నీళ్లు ఆపగలిగినవాడు నీకు ఎదురుగా ఉండడు, నీకు పైన ఉంటాడు. ఎదురు గట్టు రైతు నీతో కలిసి పై తూముకు నడిచే మనిషి. ఉల్పియన్ వివరణ కూడా ఒకే కాల్వ అంటుందిగానీ రెండు గట్లు అనదు. ఈ సంగతి చిన్నదిగా కనబడుతుంది, నిజానికి పోలికకు కీలకం ఇక్కడే ఉంది. ఇప్పటి ఇంగ్లిష్ రైవల్, మన ప్రత్యర్థి, ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. ప్రత్యర్థిలో ‘ప్రతి’ ఎదురు అన్న అర్థాన్నే ఇస్తుంది. అది న్యాయస్థానం మాట. ధర్మశాస్త్రాల్లో అర్థి దావా వేసినవాడు, ప్రత్యర్థి దానికి జవాబు చెప్పుకోవాల్సినవాడు. ఇద్దరూ సమాన ఎత్తులో నిలబడి వాదించుకుంటారు. రోమన్ కాల్వోళ్లకు ఆ సమానత లేదు. వాళ్ల మధ్య ఎగువా దిగువా ఉంది.

ఎగువ దిగువ అంటే ఏమిటో మంజీర ఒడ్డు ఊళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మహారాష్ట్ర బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూర్, బీదర్ మీదుగా తెలంగాణలోకి వచ్చి, సింగూరులో ఆగి, నిజాంసాగర్‌లో మళ్లీ ఆగి, అప్పుడు బీర్కూర్ ఇసుక మీదికి వస్తుంది మంజీర. గోదావరిలో కలిసేలోపు మూడు రాష్ట్రాల చేతులు దాటుతుంది. ఆ పంపకాలు బచావత్ ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి, 1980లో తీర్పు వచ్చింది. దాదాపు 30 టీఎంసీలు పట్టే సింగూరు హైదరాబాద్‌కు తాగునీరు ఇవ్వడానికి కట్టింది. అంటే ఆయకట్టు చివరి మడి రైతు లెక్కలో రాజధాని ఇంట్లో తిప్పే నల్లా కూడా పై తూమే. రాష్ట్రాలను రైవల్స్ అని రాసే ఇంగ్లిష్ పత్రికలు తెలియకుండానే ఆ మాటను దాని పుట్టింటికి తీసుకుపోతున్నాయి.

నేల పంచుకున్నవాడు

ఇప్పుడు పాలోడి దగ్గరికి వద్దాం. దాయాది సంస్కృతం నుంచి వచ్చింది. దాయం అంటే వారసత్వంగా వచ్చే ఆస్తి, దాయాదుడు దాన్ని అందుకునేవాడు. దాయం అంటే ఏమిటో నిర్వచించి, తండ్రి తాతల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుందని వాదించిన మితాక్షర కూడా మన నదికి దూరంగా పుట్టలేదు. విజ్ఞానేశ్వరుడు దాన్ని రాసింది 1076 నుంచి 1126 దాకా ఏలిన చాళుక్య ఆరో విక్రమాదిత్యుని కళ్యాణ నగరంలో. అది మంజీర పారే బీదర్ జిల్లాలోని నేటి బసవకళ్యాణ్. రోమ్‌లో ఉల్పియన్ కాల్వోళ్లకు ఏం చేశాడో విజ్ఞానేశ్వరుడు పాలోళ్లకు అదే చేశాడు. పంచుకోవాల్సినవాళ్లకు లెక్క చెప్పాడు.

సంస్కృత మాట చట్టంలో నిలబడింది, తెలుగు మాట ఇంట్లో నిలబడింది. పాలు అన్నది ఈనాటికీ బతికున్న ముక్క. పాలు పంచుకోవడం, నా పాలు నాకు పెట్టడం, పాలుకు ఇవ్వడం, ఇవన్నీ చదువుతో పనిలేకుండా నోటికొచ్చే మాటలు. అందుకే పాలోడు అనగానే వాటా ఎదుట కనబడుతుంది. రైవల్ అనగానే ఏ ఇంగ్లిష్ వాడికీ కాల్వ కనబడదు. నేను చూసినంతలో ఈ రెండు మాటల మధ్య మొదటి పెద్ద తేడా ఇదే.

వాటా కనబడడం వల్ల ఏమవుతుంది? బాధ్యత కూడా కనబడుతుంది. పెద్దనాన్న కొడుకు, చిన్నాయన కొడుకు ఆస్తికి పాలోళ్లు. మన వరసల్లో వాళ్లే అన్నలు, తమ్ముళ్లు. మేనమామ కొడుకు ఆస్తికి పాలోడు కాడు, అతను బావ. కాబట్టి బావతో పరాచికాలు, అన్నతో హద్దు తగాదా. కోర్టులో ఎదురుగా నిలబడ్డవాణ్ని కూడా ‘అన్నా’ అనే పిలవాలి. ఏళ్ల తరబడి మాటల్లేని పాలోడైనా సరే, అవతలి ఇంట్లో పోతే ఇవతలి ఇంటికి మైల పడుతుంది. పది రోజులు పండగ ఉండదు, గుడికి పోయేది ఉండదు. పెళ్లి పెట్టుకున్నా ఆగుతుంది. వైరం ఉన్నంత మాత్రాన వరస తెగదు. చావు దగ్గర కూడా వాటా ఉన్నవాణ్ని శత్రువు అనడానికి ఇంగ్లిష్ రైవల్ చాలదు. రైవల్ పోతే రైవల్‌కు సెలవు కూడా లేదు.

అయితే పాలోడి బంధుత్వం చూసి మురిసిపోవాల్సిందీ లేదు. మన కావ్యభాషలో దాయ అంటే నేరుగా పగవాడే. భారతం అంతా పాలోళ్ల కథే. అయిదూళ్లు పెట్టినా చాలు అన్నదాకా వచ్చి కూడా ఆగని పంపకం. పల్లెలో ఆ యుద్ధానికి అక్షౌహిణులు అక్కరలేదు, ఒక పార చాలు. ఏటా దుక్కికి ముందు ఒరం చెక్కుతారు కదా. పాలోడు ఒరం చెక్కేటప్పుడు తన వైపు ఏమీ తగ్గకుండా, అవతలి వైపు బెత్తెడు సాఫు చేస్తాడు. ఒక ఏడు తెలియదు. పదేళ్లకు ఒరం ఒక నాగటిచాలు జరుగుతుంది. ఇరవై ఏళ్లకు సర్వేయరు గొలుసు పట్టుకొని వస్తాడు. గుంటలో పావు వంతు కోసం కోర్టు ఖర్చు ఎకరం ధర దాటుతుంది. పగ పెద్ద మాట, దాని పని ఇంత నెమ్మది.

మన పత్రికలు పాకిస్తాన్‌ను రాసేటప్పుడు ఈ రెండు మాటలనూ వాడతాయి. క్రికెట్ అయితే చిరకాల ప్రత్యర్థి, దాయాదుల పోరు. రాజకీయమైతే దాయాది దేశం. ఈ వాడకంలో పాండిత్యం కంటే ఎక్కువ తెలివి ఉంది. 1947లో జరిగింది పంపకమే. అంటే దాయాది మాట సరిపోయింది. 1960 సెప్టెంబరులో సింధు జలాల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. తూర్పు నదులు మూడు మనకు, పడమటి నదులు మూడు ఎక్కువగా వాళ్లకు. ఎగువ మనం, దిగువ వాళ్లు. అంటే రైవల్ మాట కూడా, దాని అసలు లాటిన్ అర్థంలో, సరిపోయింది. 2025 ఏప్రిల్‌లో ఆ ఒప్పందాన్ని నిలిపి ఉంచుతున్నట్టు భారత్ ప్రకటించినప్పుడు ఇంగ్లిష్ పత్రికలు ఈ రెండు దేశాలను రైవల్స్ అని రాశాయి. ఎంత సరైన మాట రాశారో వాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు.

పాలోడి మాటకు మరో లోపముంది. అది మగమాట. ఆడపిల్లకు అవిభక్త ఆస్తిలో సమాన హక్కు ఇచ్చే సవరణ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అదే 2005లో వచ్చింది. చట్టం ప్రకారం ఇప్పుడు ఆడబిడ్డ కూడా పాలు ఉన్నదే. కానీ ఆమెను పిలవడానికి పాలోడుకు జోడు మాట పుట్టలేదు. వాటా అడిగిన ఆడబిడ్డ పుట్టింటి గడప దగ్గర ఇప్పటికీ ‘కోర్టుకెక్కిన పిల్ల’. చట్టం పాలు పెట్టింది, భాష ఇంకా పెట్టలేదు. రైవల్‌కు ఈ ఇబ్బంది లేదు, దానికి ఆడామగా లేదు.

ఇంకో ఇద్దరు సాక్షులు

వాటా నుంచి వైరం పుట్టడం లాటిన్‌కూ తెలుగుకూ మాత్రమే తోచిన సంగతా అంటే కాదు. సంస్కృతంలో శత్రువుకు సపత్నుడనే మాట ఉంది. ఋగ్వేద కాలం నుంచీ వాడుకలో ఉంది. దాని పుట్టుక తమాషా. ముందు పుట్టింది సపత్ని, ఒకే భర్తను పంచుకున్న ఆడది. మన సవతి అదే. ఆ స్త్రీ మాట నుంచి పురుష శత్రువును తయారుచేశారు. లాటిన్ మాట నీళ్ల నుంచి బయల్దేరి ఒక స్త్రీ కోసం పోట్లాడే మగవాళ్ల దాకా వచ్చింది. సంస్కృత మాట ఒక మగవాణ్ని పంచుకున్న ఆడవాళ్ల దగ్గర బయల్దేరి యుద్ధంలో నిలబడ్డ శత్రువు దాకా వెళ్లింది. తెలుగులో సవతి వంటింట్లోనే ఉండిపోలేదు. బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ప్రాంతం మీద ‘సవతి తల్లి ప్రేమ’ చూపారని హెడ్డింగు పడుతూనే ఉంటుంది.

రెండో సాక్షి ఉర్దూ. బీర్కూర్ నిజాం కాలం నుంచీ విన్న భాష అది. వారబందీ, తైబందీ మనకు ఇచ్చింది ఆ కచేరీ భాషే. గజళ్లలో ప్రేమకు పోటీ వచ్చేవాడు రఖీబ్. అరబ్బీలో రఖీబ్ అంటే కనిపెట్టి చూసేవాడు, కావలివాడు. సర్వం గమనించేవాడనే అర్థంలో అది దైవనామాల్లో కూడా ఒకటి. ప్రియురాలి వాకిట నిలబడి ఎవరొస్తున్నారో చూసేవాడే పోటీదారుడయ్యాడు. హామ్లెట్ కోటగోడ మీది కావలి జతగాడు రైవల్, గజల్ వాకిలి ముందరి కావలివాడు రఖీబ్. రెండు భాషలు ఒకదానికొకటి చెప్పుకోకుండా ఒకే చోట కలుసుకున్నాయి. రాత్రంతా మేలుకొని ఉండేవాడి దగ్గర. పిల్లకాల్వ ఒరం మీద బీడీ వెలుగును ఒకసారి చూసినవాళ్లకు ఈ కలయిక వింతగా ఉండదు. నీతోపాటు నిద్ర మానుకొని కూర్చునేది ఎవరు? నీ నీళ్ల మీద కన్నున్నవాడే.

కాల్వా చెలిమె

పదం పుట్టుక వెతికే పనికి కూడా ఈ రెండు సంప్రదాయాలు రెండు పేర్లు పెట్టాయి. ఇంగ్లిష్‌లో డెరైవ్. అందులో ఉన్నదీ రీవుసే. వాగు నుంచి నీళ్లను పక్కకు తిప్పడం దాని మొదటి అర్థం. అంటే మాటలన్నీ ఎక్కడో ఉన్న జలాశయం నుంచి కాల్వలు తీసుకొచ్చినవని ఆ ఊహ. మన మాట వ్యుత్పత్తి. ఉత్పత్తి అంటే పైకి రావడం, పుట్టడం. అర్థం ఎక్కడి నుంచో మోసుకు రాలేదు, ఇక్కడే ఊరిందని ఈ ఊహ. ఎండాకాలం మంజీర ఇసుకలో చెలిమె తోడినట్టు. మోకాలి లోతు తవ్వితే ఊట కనబడుతుంది. ఒక దోసెడు తీస్తే మళ్లీ ఊరుతుంది.

ఈ రెండు ఊహలూ మన రెండు మాటలకు అచ్చంగా అతుకుతాయి. రైవల్ కాల్వ మాట. లాటిన్ తూము దగ్గర నిండుగా బయల్దేరి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్ చివరి ఆయకట్టుకు వచ్చేసరికి అందులో నీళ్లు మిగల్లేదు. వాడేవాళ్లకు జలాశయం ఏదో తెలియదు. పాలోడు చెలిమె మాట. తవ్వాల్సిన లోతు అరచేతి మందం, అడుగున వాటా తేమ ఇంకా చేతికి తగులుతుంది. ఇంతవరకు చూస్తే పాలోడే మెరుగు. పగను చెబుతూనే పొత్తును మరిచిపోనివ్వని మాట గొప్పదే.

తీర్పు ఇక్కడ ఆపేస్తే సొంత ఊరి మాట మీద పక్షపాతమే అవుతుంది. పాలోడికి తెలియని సంగతి ఒకటి రైవల్‌కు తెలుసు. నేల పంపకం ఒకసారి జరుగుతుంది. హద్దురాయి పాతి, ఒరం పోసి, ఎవరి ఇంటికి వాళ్లు పోవచ్చు. నీళ్ల పంపకం అలా అయిపోదు. ఈ రాత్రి పంచుకున్నా రేపు రాత్రి మళ్లీ పంచుకోవాలి. పై మడి పై మడిగానే ఉంటుంది, కింది మడి కింది మడిగానే ఉంటుంది. పాలోడనే మాట నువ్వు ఎవరితో పుట్టావో చెబుతుంది. రీవాలిస్ నువ్వు ఎవరితో బతకాలో చెబుతుంది.

ఆ తేడా బీర్కూర్ ప్రాంతంలో పుస్తకంలోంచి రాలేదు, 1931లో కాల్వతోపాటు వచ్చింది. నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లోనే పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలకు లెక్కగట్టిన ఆయకట్టు, 150 కిలోమీటర్లకు పైనే ప్రధాన కాల్వ. అప్పటిదాకా ఇక్కడ నీళ్లు చాలావరకు చెరువుల్లో ఉండేవి. చెరువు ఒక్క ఊరిది. తూము తిప్పే నీరటి ఊరివాడు, పంచుకునేవాళ్లలో సగం మంది పాలోళ్లు, మిగతావాళ్లూ ఏదో ఒక వరసైనవాళ్లు. వరసే చట్టం. పెద్ద కాల్వ వచ్చాక నీళ్లు ఊరి పొలిమేర దాటాయి. నల్లరేగడి మీద పారే నీళ్ల కోసం గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు. బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ పక్కల వాళ్ల ఊళ్లు ఇప్పటికీ క్యాంపులే. ఒకే తూము కింద ఊరి రైతు, తండా రైతు, క్యాంపు రైతు. ఒక తాత పిల్లలు కారు, ఒకరి చావుకు ఒకరికి మైల లేదు, పెళ్లి పిలుపులు తరువాత వచ్చినా మొదట్లో లేవు. ఉన్నది ఒక్క కాల్వ. ఉల్పియన్ చెప్పినవాళ్లు సరిగ్గా వీళ్లే.

పైగా ఆ జలాశయం ఏటా చిన్నబోయింది. మొదట దాదాపు 30 టీఎంసీలు పట్టిన చెరువు పూడిక నిండి, కట్ట ఎత్తు పెంచినా 17.8 దగ్గర ఆగింది. పంచాల్సింది తగ్గినకొద్దీ కావలి రాత్రులు పెరిగాయి. కొన్నాళ్లు నీళ్లు వదిలి కొన్నాళ్లు ఆపే ఆన్ అండ్ ఆఫ్ పద్ధతి వచ్చింది. కాల్వకు నీళ్లొదిలే ముందు తూము కింది రైతులంతా పారలతో దిగి పిల్లకాల్వలో నాచు, పూడిక తీయాల్సి వస్తుంది. అందులో ఒకడు రాకపోతే మిగతావాళ్లు వాడి పేరు యాది పెట్టుకుంటారు. వాడి వంతు రాత్రి వాడికి అగ్గిపెట్టె ఇచ్చేవాడుండడు. జస్టీనియన్ సంకలనంలో కాల్వ తగువూ కాల్వ మరమ్మతూ పక్కపక్క ప్రకరణాలుగా ఉండటానికి కారణం ఇక్కడి రైతుకు వేరే చెప్పాల్సిన పని లేదు.

ఈ కొత్త సంబంధానికి తెలుగు ఒక మాట కట్టలేదు. ఆయకట్టుదారు ఉంది, అది కాగితాల మాట. నీటి సంఘం సభ్యుడు ఉంది, అది మీటింగు మాట. రాత్రి ఒరం మీద ఎవరూ ఎవరినీ ఆయకట్టుదారూ అని పిలవరు.

అందుకే మొదట చెప్పిన ఆ ఇద్దరి దగ్గరికి ఒకసారి వెళ్లాలి. వాళ్లు పాలోళ్లని మీరు అనుకొని ఉంటారు, అన్నా తమ్మీ అని పిలుచుకున్నారు కాబట్టి. కారు. పై మడి ఆయనది క్యాంపు, వాళ్ల తాత తెనాలి పక్క నుంచి వచ్చాడు. కింది మడి ఆయనది ఊరు. ఆ ‘తమ్మీ’ కూడా ఇక్కడికొచ్చాక నేర్చుకున్నదే. పాలోణ్ని పిలవడానికి ఉన్న వరసనే తీసుకొచ్చి, పాలు లేని కాల్వోడికి పెట్టారు ఇద్దరూ. లాటిన్ కాల్వోణ్ని పిలుచుకునే తీరు తెలుగుకు ఇంతే. పేరు పెట్టలేదు, వరస కలిపింది.

తెల్లవారుజామున మూడింటికి ఆ మూల మడికి నీళ్లెక్కాయి. పై ఆయన లేచి, అడ్డం పెట్టిన గడ్డిచెక్కలు తనే పారతో తీసి గట్టు మీదికి విసిరాడు. నీళ్లు కిందికి మళ్లాయి. ఇంటికి పోలేదు. కింది మడి దాకా వెనకాలే నడిచాడు. నీళ్లు అక్కడి దాకా చేరుతున్నాయో లేదో చూడ్డానికే పోయాడో, మధ్యలో ఇంకెవరైనా తిప్పుకుంటారని పోయాడో.